తోడు లేకుండా పెరిగిన మెదడు

పసితనంలో తోటివాటికి దూరంగా పెరిగిన జంతువు పెద్దయ్యాక బెదురుగొడ్డవుతుంది. కొత్త చోట వదిలితే మూలకు నక్కుతుంది, లేదా నిలకడ లేకుండా తిరుగుతుంది. చిన్న చప్పుడుకే అదిరిపడుతుంది. పుట్టుకతో వచ్చిన గుణమని సరిపెట్టుకునే విషయం కాదిది. అలాంటి జంతువు మెదడులో రసాయనాలు పనిచేసే తీరే మారిపోతుందని ఎలుకలు, కోతులు, కోడిపిల్లల మీద దశాబ్దాలుగా జరిగిన పరిశోధనలు చూపించాయి.

ఈ ఒంటరితనపు తొలి దశను పాలకొల్లు చుట్టుపక్కల ఏ ఊరి పెరట్లోనైనా గమనించవచ్చు. పెట్ట పిల్లలతో మేస్తుండగా ఒక పిల్ల దడి అవతల చిక్కుకుపోతే, కాళ్ళ ముందు నూకలున్నా ముట్టదు. మెడ సాచి అదేపనిగా అరుస్తుంది. తల్లి రెక్క కిందికి చేరగానే ఆ అరుపు సన్నని కిచకిచగా మారి ఆగిపోతుంది. అమెరికాలో పనిచేసిన శాస్త్రవేత్త యాక్ పాంక్సెప్ 1970ల చివర్లో ఈ అరుపునే కొలతగా తీసుకున్నారు. ఒంటరిగా ఉంచిన పిల్లకు చాలా తక్కువ మోతాదులో మార్ఫిన్ ఇస్తే అరుపులు తగ్గాయి. మార్ఫిన్ పనిని అడ్డుకునే మందు ఇస్తే పెరిగాయి. తల్లి స్పర్శ తగిలినప్పుడు మెదడు తనంతట తానే మార్ఫిన్‌ను పోలిన ఓపియాయిడ్లను విడుదల చేస్తుందని, నొప్పిని తగ్గించే ఏర్పాటే ఎడబాటు బాధనూ తగ్గిస్తుందని ఆయన ప్రతిపాదించారు.

క్షణకాలపు ఎడబాటు తీరిపోతుంది. వారాల తరబడి సాగేది మచ్చ మిగులుస్తుంది. దీన్ని లోతుగా చూసింది ఎలుకల్లో. పాలు మరిచే వయసు, అంటే దాదాపు 21వ రోజున, పిల్లను విడి బోనులో పెడతారు. పక్క బోనుల్లోని ఎలుకల వాసన, చప్పుడు దానికి అందుతూనే ఉంటాయి. అందనివి స్పర్శ, ఆట. పెద్దయ్యాక దాన్ని ఎత్తయిన ప్లస్ ఆకారపు బల్ల మీద వదిలితే గోడలున్న భాగాల్లోనే ఎక్కువసేపు దాక్కుంటుంది, తెరిచి ఉన్న అంచులకు రావడానికి జంకుతుంది. దాని మెదడులో కోరికకు, ఉత్సాహానికి సంబంధించిన ప్రాంతంలో డోపమైన్ అనే రసాయనపు స్పందన అతిగా ఉంటుంది. మెదడును నెమ్మదింపజేసే గాబా వ్యవస్థకు ఊతమిచ్చే అల్లోప్రెగ్ననొలోన్ అనే స్టెరాయిడ్ తగ్గుతుంది.

మరో మెదడు రసాయనం సెరటోనిన్ సంగతి ఇంకా ముఖ్యమైనది. జోడీ లుక్స్ బృందం 2009లో ప్రచురించిన ప్రయోగాల్లో, 21 నుంచి 42వ రోజు వరకు ఒంటరిగా ఉంచిన ఎలుకలను తరువాత గుంపులో కలిపారు. అయినా బెదురు పోలేదు. సెరటోనిన్ కణాలుండే రాఫే కేంద్రకంలో ఒత్తిడి సంకేతాన్ని అందుకునే గ్రాహకాలు పెరిగి ఉన్నాయి. తోడు తిరిగి దొరికినా, చిన్న ఒత్తిడికే పెద్దగా స్పందించే అమరిక మిగిలిపోయిందన్నమాట.

ఎంతకాలం ఒంటరిగా ఉందన్నదానికన్నా ఏ వయసులో ఉందన్నదే కీలకం. 2012లో మకినొదాన్ బృందం చుంచెలుకలను 21వ రోజు నుంచి రెండు వారాలు వేరుచేసి చూసింది. మెదడు ముందుభాగంలో నరాల తంతువులకు కరెంటు తీగ తొడుగులా ఉండే మైలిన్ పలచబడింది, తిరిగి గుంపులో కలిపినా కోలుకోలేదు. 35వ రోజు తరువాత వేరుచేసిన వాటికి ఆ నష్టం రాలేదు. మరోవైపు, ఒంటరి ఎలుకపిల్లకు రోజుకు ఒక గంట తోటి పిల్లతో ఆడుకోనిస్తే చాలు, చాలావరకు మామూలుగా పెరుగుతుందని డొరోతీ ఐనన్ అనే పరిశోధకురాలు 1970ల్లోనే గమనించారు. అంత చిన్న వెసులుబాటు అంత మేలు చేయడం ఆశ కలిగించే విషయం.

హ్యారీ హార్లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో రీసస్ కోతిపిల్లల మీద చేసిన ప్రయోగాలు మరీ కఠినమైనవి. వాటిని చదువుతుంటే మనసు కలుక్కుమంటుంది. పుట్టగానే ఆరు నెలలు ఒంటరిగా ఉంచిన పిల్లలు తమను తామే కావలించుకుని ఊగేవి, తమను తామే కొరుక్కునేవి. ఈడు కోతులతో కలిపితే భయంతో ముడుచుకుపోయాయి. మూడు నెలల పసి కోతులతో కలిపినప్పుడు మాత్రం, ఆ చిన్నవి వచ్చి పదేపదే అతుక్కోగా, కొన్ని నెలల్లో చాలావరకు తేరుకున్నాయి.

గోదావరి డెల్టాలో పందెం కోడిపుంజుల్ని విడిగా కట్టి పెంచడం ఈ కోవలోకి వస్తుందా? పూర్తిగా రాదు. పందెం పుంజు తల్లి దగ్గర, తోబుట్టువులతో పెరిగి, కలియబడే వయసు వచ్చాకే విడి గూటికి చేరుతుంది, దాని కాలికి తాడు పడుతుంది. దాని పౌరుషం అసీలు జాతిని తరతరాలుగా ఎంచి పెంచడం వల్ల వచ్చింది. అయితే పెద్దయ్యాక వచ్చే ఒంటరితనం కూడా ప్రభావం చూపకపోదు: వయసొచ్చిన మగ చుంచెలుకలను వారాలపాటు ఒంటరిగా ఉంచితే సెరటోనిన్ వినియోగం మందగించి, అవి దూకుడుగా మారతాయని మిలాన్‌లో వల్జెల్లి బృందం 1967లోనే చూపింది.

తొలినాళ్ళ లోటు నిజంగా ఉన్నది హేచరీ పిల్లకు. గోదావరి జిల్లాల గుడ్ల ఫారాల్లోని కోళ్ళు ఇంక్యుబేటర్‌లో పుట్టి తల్లిని చూడకుండానే పెరుగుతాయి. తోటి పిల్లలు వేలల్లో ఉంటాయి, ఎప్పుడు మేయాలో ఎప్పుడు పడుకోవాలో నేర్పే పెట్ట ఉండదు. పెట్ట పెంచిన పిల్లల కన్నా ఇవి ఎక్కువ బెదురుతాయి, ఒకదాని ఈకలు ఒకటి ఎక్కువగా పీక్కుంటాయి. ఈకలు పీకే గుణం బలంగా ఉన్న వంశాల పిల్లల్లో సెరటోనిన్ వినియోగం తక్కువని నెదర్లాండ్స్ పరిశోధకులు గుర్తించారు. ఫారాల్లో ముక్కు కొసలు కత్తిరించే డీబీకింగ్ ఈ పొడుచుకోవడాన్ని ఆపడానికే. ఐరోపాలో పరీక్షించిన మరో దారి చీకటి బ్రూడర్: వెలుగు రాని వేడి పలకను నేలకు కాస్త ఎత్తులో అమర్చి, చుట్టూ అంచుకు తెరలు వేలాడదీస్తారు. పిల్లలు రెక్క కింద దూరినట్టు దాని కింద దూరి నిద్రపోతాయి, మెలకువగా ఉన్నవి బయట మేస్తాయి. పడుకున్న పిల్లల్ని పొడిచే అవకాశం తగ్గుతుంది. ఇలా పెరిగిన మందల్లో ఈకలు పీకడం, బెదురు రెండూ తక్కువగా కనిపించాయి.