క్షయ కాదు, దాని చుట్టం

ఇంట్లో మగవారు రెండు రోజులు దగ్గితే మనం ఊరుకోం. మిరియాల కషాయం కాస్తాం, డాక్టరు దగ్గరికి వెళ్ళమని పోరు పెడతాం. అదే మనకు రెండు నెలలు దగ్గు పట్టుకుంటే, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పోపు ఘాటు మీదకు నెట్టేస్తాం. ఇవాళ నేను చెప్పబోయే జబ్బు అలాంటి దగ్గు చాటునే ఏళ్ళ తరబడి దాక్కుంటుంది.

డాక్టర్లు దీన్ని ఎన్.టి.ఎం. అంటారు. క్షయ క్రిమిని రాబర్ట్ కోఖ్ 1882లో కనిపెట్టాడని బడిలో చదువుకున్నాం గదా. ఆ క్రిమికి చుట్టాలు చాలా వున్నాయి, ఇప్పటికి నూటతొంభైకి పైగా లెక్క తేలాయి. ఇవి మట్టిలో, నీళ్ళలో, కుళాయి గొట్టాల లోపలి పాచిలో వుంటాయి. క్లోరిన్‌కు ఓ పట్టాన లొంగవు. మనందరి లోపలికీ పోతూనే వుంటాయి, చాలామందికి ఏమీ కాదు. ఊపిరితిత్తుల్లో గాలిగొట్టాలు వెడల్పై కఫం నిలవ వుండేవారికీ, పాత క్షయ మచ్చలున్నవారికీ, పొగవల్ల ఊపిరితిత్తులు చెడినవారికీ మాత్రం పట్టుకునే అవకాశం ఎక్కువ. యాభై దాటిన బక్కపల్చటి ఆడవారిలో కనిపించే రకం కూడా ఒకటుంది. 1992లో ఇద్దరు అమెరికా డాక్టర్లు అలాంటి ఆరుగురు పెద్దావిడల గురించి రాస్తూ, ఆస్కార్ వైల్డ్ నాటకంలోని లేడీ విండర్‌మియర్ పేరు దీనికి తగిలించారు. మర్యాద కోసం దగ్గు ఆపుకోవటంవల్ల కఫం లోపల నిలిచిపోయి క్రిమి చేరిందేమోనని వారి ఊహ. అది ఊహే, రుజువు కాలేదు. పైగా ఆ నాటకంలో ఆవిడ పడుచుపిల్ల, దగ్గు ఊసే లేదు!

అసలు చిక్కు ఎక్కడంటే, కళ్ళెకు రంగువేసి మైక్రోస్కోపులో చూస్తే ఈ క్రిమీ, క్షయ క్రిమీ రెండూ ఎర్రటి పుల్లల్లాగే కనిపిస్తాయి. మా పెద్ద తోడికోడలి విషయంలో జరిగింది అదే. క్షయ అన్నారు, మందులు మొదలుపెట్టారు. ఎవరూ అనకముందే ఆవిడ తన కంచం, గ్లాసు వేరుచేసుకున్నది. రెండేళ్ళ మనవణ్ణి గుమ్మం అవతలినుంచే చూసేది. ఆరు నెలలైనా దగ్గు తగ్గలేదు, మనిషి మాత్రం సగమైంది. అప్పుడు మరో డాక్టరుగారు సీబీనాట్ పరీక్ష చేయించి క్షయ లేదన్నారు. కళ్ళెను కల్చరుకు పంపితే, అది తేలటానికి వారాలు పట్టింది గానీ, సంగతి బయటపడింది. మైకోబాక్టీరియం ఏవియం కాంప్లెక్స్ అట, పొట్టిగా మ్యాక్. “ఇది ఒకరినుంచి ఒకరికి అంటే జబ్బు కాదమ్మా” అని ఆయన చెప్పగానే, “అక్కయ్యా, విన్నావా!” అన్నాను. ఆవిడ ఏడ్చేసింది. అన్నాళ్ళూ మనవణ్ణి ఎత్తుకోలేదు మరి.

క్షయ మందులకు తగ్గని దగ్గు వుంటే ఈ పరీక్షల మాట మీరే అడగండి. తప్పేం లేదు. అయితే ఒక్క కల్చరులో కనపడినంతమాత్రాన జబ్బు వున్నట్టు కాదు. క్రిమి నీళ్ళలోనే వుంది కనుక, విడివిడిగా తీసిన రెండు కళ్ళెల్లోనూ రావాలి, స్కానులో ఆనవాళ్ళుండాలి. కొందరికి మందులివ్వకుండా కనిపెట్టుకుని వుంటారు కూడా.

మందులిస్తే మాత్రం ఓపిక చాలా కావాలి. మ్యాక్‌కు మామూలుగా అజిత్రోమైసిన్, రిఫాంపిసిన్, ఇథాంబ్యుటాల్, ఈ మూడూ కలిపి ఇస్తారు. కొందరికి వారానికి మూడు రోజులు, ఊపిరితిత్తిలో గుంట పడినవారికి రోజూ, మొదట్లో రెండు మూడు నెలలు ఇంజెక్షన్లు కూడాను. ఎన్నాళ్ళంటారా? కళ్ళెలో క్రిమి లేదని తేలిన నాటినుంచి మళ్ళీ పన్నెండు నెలలు. అంటే మొత్తమ్మీద ఏడాదిన్నర పట్టటం మామూలే. మధ్యలో విసుగొచ్చి రెండు మానేసి, జలుబు మాత్రే గదా అని ఒక్క అజిత్రోమైసినే మింగితే, క్రిమి దానికి అలవాటు పడిపోతుంది. ఆ తరువాత డాక్టరు చేతిలో మిగిలే ఆయుధాలు తక్కువ.

అలాగని అన్నీ ఓర్చుకోవద్దు. మనకు సర్దుకుపోవటం అలవాటు చూడండి, ఇక్కడ అది పనికిరాదు. ఇథాంబ్యుటాల్ కొందరికి కంటినరం దెబ్బతీస్తుంది. మొదలుపెట్టేముందు ఒకసారి, తరువాత డాక్టరు చెప్పినప్పుడల్లా కంటి పరీక్ష చేయించుకోవాలి. ఇంట్లో నేను అక్కయ్యకు చెప్పిన పద్ధతి ఏమంటే, పొద్దున్నే ఒక కన్ను మూసుకుని గోడ క్యాలెండరులో తిథి చదవటం, తరువాత రెండో కంటితో. అక్షరాలు మసకబారినా, కుంకుమ ఎరుపు వెలవెలబోయినట్టున్నా ఆ రోజే డాక్టరుకు చెప్పాలి, వచ్చే నెల చూపుదాకా ఆగకూడదు. చెవిలో హోరు, వినికిడి తగ్గటం, నడుస్తుంటే తూలటం, కళ్ళు పచ్చబడటం, గుండెదడ కూడా అంతే. మందు మార్చాలా, మోతాదు తగ్గించాలా అన్నది ఆయన చూసుకుంటారు.

మూత్రం నారింజరంగులో వస్తే మాత్రం హడలిపోకండి, అది రిఫాంపిసిన్ రంగు. కన్నీళ్ళకూ ఆ రంగే, కాంటాక్టు లెన్సులు పాడవుతాయి. ఈ మందు కుటుంబనియంత్రణ మాత్రల బలాన్ని తగ్గిస్తుంది, బి.పి., షుగరు మాత్రలు కొన్నింటినీ దెబ్బతీస్తుంది. కనుక మీరు మింగేవన్నీ ఒక కాగితం మీద రాసి చూపించండి. కడుపుమంటకు తాగే ఆంటాసిడ్ కూడా ఈ మాత్రలతోపాటు కలిపి తాగవద్దు, మందు సరిగా ఒంటపట్టదు.

వికారంవల్ల తిండి సయించదు. ఈ జబ్బులో బరువు తగ్గటం మంచిది కాదు. అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలినదాంతో సరిపెట్టుకునే పద్ధతి ఈ ఏడాదిన్నరైనా మానండి. ఒకేసారి పెట్టుకోలేకపోతే ఐదారుసార్లు కొంచెం కొంచెం: గుడ్డు, ముద్దపప్పు, వేరుశనగ వుండ, గడ్డపెరుగు. కఫం బయటికి రావటానికి, అద్దం మీద ఆవిరి పట్టించేటప్పుడు “హా” అని వూదుతామే, అలా నోరు తెరిచి బలంగా వదలమని నేర్పిస్తారు. కొంగు అడ్డం పెట్టుకుని కాదు!

ఇంట్లో షవరు బదులు బకెట్టు స్నానం మేలు. స్నానాలగదిలో ఆవిరి నిలవకుండా కిటికీ తెరవండి. పూలకుండీల్లో మట్టి మార్చేటప్పుడు ముందు తడిపి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి.

మందులు ఆపాక కూడా కొందరికి మళ్ళీ రావచ్చు కనుక కళ్ళె పరీక్షలు వుంటాయి. సీసాలో పట్టేముందు కుళాయి నీళ్ళతో నోరు పుక్కిలించకండి, ఆ నీళ్ళలోని క్రిమి కలిసి లెక్క తప్పుతుంది. కాచి చల్లార్చిన నీళ్ళు వాడండి. పొద్దున్నే, ఏమీ తినకముందు, లోతుగా దగ్గి తెచ్చిన కఫం కావాలి, నోట్లో ఉమ్మి కాదు.