పచ్చగుంటే సాలదు, అది యా కసువో సూడాల

వానలు పడినాక జమ్మలమడుగు నుంచి గండికోట దోవలో పోతాంటే ఎర్రమల గుట్టలు పచ్చగా కనబడతాయి. మనం ఫోటో తీసి స్టేటస్ పెట్టుకుంటాం. గొర్రెలోళ్ళు మాత్రం అదే గుట్టను సూసి "ఈడ మేపు లేదబ్బీ" అంటారు. నాకు మొదట్లో అర్థం కాలేదు. వాళ్ళ ఎనకాల రెండు దినాలు తిరిగినాక తెలిసొచ్చింది.

దేశంలోని గడ్డి నేలల్ని 1973లో దబడ్‌ఘావ్, శంకరనారాయణ్ అనే శాస్త్రవేత్తలు ఐదు రకాలుగా విడగొట్టినారు. మన సీమ సెహిమా–డైకాంథియం రకంలోకి వస్తాది. ఈ రెండూ జీవాలు ఇష్టంగా తినే గడ్లు, ఏండ్ల తరబడి వేరు బతికుండేవి.

అతిగా మేపితే ముందు పోయేవి ఇవే. వాటి జాగాలో మూతికి గుచ్చుకునే ముళ్ళ గింజల గడ్డి, చీపురు గడ్డి పెరుగుతాయి. ఇంకా మేపితే వయ్యారిభామ, సర్కారు తుమ్మ చొరబడతాయి. తగ్గేవి, పెరిగేవి, చొరబడేవి అని 1949లోనే అమెరికా శాస్త్రవేత్త డిక్‌స్టర్‌హుయిస్ చెప్పిన లెక్క ఇదే. యా రకం ఎక్కువుందో సూస్తే నేల గతి తెలుస్తాది.

ఇంగ ఎన్ని జీవాలు మేపొచ్చు? మీటరు పొడవు, మీటరు వెడల్పు జాగాలో తినే కసువును కోసి, ఎండబెట్టి, తూకం వేయాల. ఇట్లా నాలుగైదు చోట్ల చేసి సగటు తీయాల. వంద గ్రాములు వచ్చిందనుకుందాం. అంటే ఎకరాకు సుమారు 400 కిలోలు. సగం నేలకే వదలాల, లేదంటే వేరు సచ్చిపోతాది. మిగిలింది 200 కిలోలు. గొర్రెకు దినానికి కిలో ఎండు మేత అనుకుంటే, ఎకరా రెండు గొర్రెల్ని వంద దినాలు సాకుతాది. అదే ఎకరాలో వయ్యారిభామ నిండితే ఒక్కదానికీ సాలదు. వానలు తక్కువైన ఏడు మళ్ళీ తూకం వేయాల్సిందే.

ఈ లెక్క మనకెందుకంటారా? సర్కారు కాగితాల్లో ఇట్లాంటి నేలలు శానా వరకు బంజరే. మైలవరం మండలంలో సోలార్ పార్కు వచ్చింది. రేపు ఇంకో కంపెనీ వచ్చి "ఈడ ఏముంది?" అంటే ఏం చూపిస్తాం?

అందుకే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఈ వానాకాలం పెద్ద గొర్రెలోళ్ళతో గుట్టెక్కండి. ప్రతి కసువుకూ ఫోటో తీసి, వాళ్ళు చెప్పే పేరు, జీవాలు తింటాయో లేదో రాసి పెట్టండి. ఆ పేర్లు తెలిసినోళ్ళు ఇప్పటికే తగ్గిపోతాండారు.