న్యాయవాదిగా లింకను

పెద్దవాడవై యేమి చేసెదవని యడిగినచో, ప్లీడరు నయ్యెదనని చెప్పు బాలురు పెక్కురు గలరు. గట్టిగా వాదించుటయే యా వృత్తి యని వారి తలంపు. అమెరికా దేశాధ్యక్షుడైన అబ్రహాము లింకనును ఎల్లరు నెఱుగుదురు. అంతకు పూర్వ మాతడు సుమారు 24 ఏండ్లు ప్లీడరుగా నుండిన సంగతి కొందఱే యెఱుగుదురు. ఆ వృత్తి నాతడు నడపిన తీరును మే మిచ్చట వివరింప దలచితిమి.

1809 లో పుట్టిన లింకను బడిలో చదివిన కాలమంతయు కూడినను ఒక సంవత్సరము నిండదు. ఎరవు తెచ్చుకొన్న న్యాయశాస్త్ర గ్రంథములను తానే చదువుకొని 1836 లో సన్నదు పొందెను. మఱుసటి యేడు ఇల్లినాయి రాష్ట్రమందలి స్ప్రింగుఫీల్డు పట్టణము చేరెను. 1844 లో హెర్న్‌డను అను యువకుని భాగస్వామిగా చేర్చుకొని, వచ్చిన ఫీజును చెఱిసగము పంచుకొనుచుండెను.

ఆ కాలమున న్యాయాధిపతి ఊరూర సంచరించుచు విచారణలు జరిపెడివాడు. ప్లీడర్లును వెంట పోయెడివారు. లింకను ఏటేట రెండు మారులు గుఱ్ఱముమీదనో బండిమీదనో వారముల తరబడి యట్లు తిరిగి, అప్పుల తగవులు మొదలగు చిన్న వ్యాజ్యెములను సైతము చేపట్టెడివాడు. కాగితములను తన పొడవైన టోపీలో దాచుకొనెడివాడు. ఈ పద్ధతి మాత్రము మన విద్యార్థు లనుకరింప దగినది కాదు!

యువ న్యాయవాదులకై యాతడు వ్రాసికొన్న ఉపన్యాసపు చిత్తు ఒకటి నిలిచియున్నది. నేటి పని రేపటికి విడువరాదనియు, ఫీజంతయు ముందుగా పుచ్చుకొన్నచో శ్రద్ధ సన్నగిల్లుననియు, సాధ్యమైనంతవఱకు కక్షిదారులను రాజీకి ఒప్పింపవలెననియు దాని సారము. వ్యాజ్యెము గెలిచినవాడును ఖర్చులచేతను కాలహరణముచేతను తఱచు నష్టపడినవాడే యగునని యాతని యభిప్రాయము.

రాజీకి వీలులేని చోట నాతని శ్రద్ధ యెట్టిదో 1858 లో బేర్డ్స్‌టౌను పట్టణమున తేటపడెను. పూర్వము తన్నాదరించిన యొక వితంతువు కుమారునిపై హత్యానేరము మోపబడెను. రాత్రి సుమారు 11 గంటలకు వెన్నెల వెలుగున నంతయు చూచితినని సాక్షి చెప్పెను. లింకను అడ్డుప్రశ్నలతో నా మాటనే మఱల మఱల చెప్పించి, పిమ్మట పంచాంగము తెఱచి, ఆ వేళకు చంద్రు డస్తమింప నుండెనని చూపెను. జూరీవారు ముద్దాయిని నిర్దోషి యనిరి. ఆ తల్లియొద్ద నాతడు ఫీజు పుచ్చుకొనలేదు.

ఈ వృత్తిజీవితమున మచ్చయు లేకపోలేదు. 1847 లో మాట్సను అను బానిసల యజమాని పక్షమున, స్వేచ్ఛ కోరిన యొక స్త్రీకిని ఆమె బిడ్డలకును ప్రతికూలముగా నాతడు వాదించెను. అదృష్టవశమున నాతడోడెను, వారు విముక్తులైరి. కక్షిదారు డెవడైనను వాదింపవలెనా, అంతరాత్మ యొప్పనిచో మానవలెనా యను ప్రశ్న నేటి న్యాయవాదికిని తప్పదు. న్యాయవాదియై నిజాయితీతో నుండజాలనివాడు వేఱొక వృత్తి చూచుకొనవలెనని లింకనే పైజెప్పిన చిత్తులో వ్రాసెను. తన మాటయే తన నడతను కొలుచు కొలబద్ద యైనది.

1861 లో అధ్యక్షపదవికై వెడలునపుడు, తమ కార్యాలయపు పేరుపలకను తీయవలదనియు, తిరిగివచ్చి యెప్పటివలె పని సాగింతుననియు హెర్న్‌డనుతో చెప్పెనట. 1865 లో హంతకుని గుండునకు గుఱియగుటచే మరలి రాలేదు.

ప్లీడరు గాగోరు విద్యార్థులారా! చక్కగా మాటలాడుట మంచిదే. కాని దానికి ముందు ఓపికతో వినుటయు, శ్రద్ధతో చదువుటయు, పోరు మాన్పుటయు నేర్చుకొనుడు.