తెలివితక్కువ నారు

వరి నారుమడిలో ఒక్క మొక్క మిగతావాటికంటే జానెడు ఎత్తు పెరిగితే బలంగా ఉందనుకుంటాం కదా. జపాన్ రైతులు దానికి ‘బకానే’ అని పేరు పెట్టారు, అంటే తెలివితక్కువ నారు. అదొక శిలీంధ్రం తెచ్చే తెగులు.

1926లో తైవాన్‌లో పనిచేస్తున్న జపాన్ శాస్త్రవేత్త కురొసావా ఆ శిలీంధ్రాన్ని ద్రవంలో పెంచి, వడగట్టి, శిలీంధ్రం లేని ఆ ద్రవాన్ని మంచి నారుకి ఇచ్చాడు. అదీ సాగిపోయింది! శిలీంధ్రం వదిలే రసాయనమే ఈ పని చేస్తోందని అలా తేలింది. 1935లో యబుటా దానికి జిబ్బరెల్లిన్ అని పేరు పెట్టాడు.

నన్ను ఆశ్చర్యపరిచింది ఏంటంటే, ఇది వరి తనకోసం తాను కొద్దికొద్దిగా చేసుకునే హార్మోనే. మొక్కలో పెరుగుదలని పట్టి ఉంచే ప్రోటీన్ ఒకటుంటుంది, బ్రేకులాగా. జిబ్బరెల్లిన్ అందితే మొక్కే ఆ ప్రోటీన్‌ని ముక్కలు చేసేస్తుంది. శిలీంధ్రం మోతాదుకి మించి పోస్తుంటే ఇక బ్రేకెక్కడిది? కణాలు నిలువునా సాగుతాయి, ఆకులు పాలిపోతాయి, వేర్లు తగ్గుతాయి. చాలా మొక్కలు చచ్చిపోతాయి. బతికినవాటికి తాలు గింజలే.

1966లో వచ్చిన ఐఆర్8 వరిది దీనికి సరిగ్గా తిరగేసిన కథ. అందులో జిబ్బరెల్లిన్ తయారుచేసే ఒక ఎంజైము దెబ్బతింది. అందుకే పొట్టిగా ఉంటుంది, ఎంత ఎరువేసినా అంత తేలిగ్గా పడిపోదు.