వరుసలు అడిగిన లాయరు

1844లో న్యూయార్క్ రాష్ట్ర రాజధాని ఆల్బనీలో, ఒక పుస్తకాల షాపులో ఇద్దరు యువకులకు పరిచయమైంది. ఒకరు లూయిస్ హెన్రీ మోర్గాన్, పాతికేళ్ల లాయరు. రెండోవాడు ఎలీ పార్కర్, పదహారేళ్లు నిండీ నిండని సెనెకా తెగ కుర్రాడు. ఆగ్డెన్ అనే భూముల కంపెనీ తమ నేలను కాజేయబోతుంటే తెగ పెద్దలు మొరపెట్టుకోవడానికి రాజధానికి వచ్చారు. ఇంగ్లీషు చదువుకున్న పార్కర్ వాళ్ల వెంట దుబాసీగా వచ్చాడు.

అప్పటికి మోర్గాన్‌కు ఆదివాసీల మీద ఉన్నది కుర్రకారు సరదా. ఇరాక్వాయిల వేషాలు కట్టుకుని సమావేశాలు జరుపుకునే ఒక సంఘాన్ని స్నేహితులతో కలిసి నడిపేవాడు. ఇరాక్వాయిలంటే సెనెకాలతో సహా ఆరు తెగల కూటమి. ఆ కూటమిలో పుట్టినవాడే ఎదురుగా నిలబడేసరికి వేషాల సంగతి వెనక్కి పోయి ప్రశ్నలు ముందుకొచ్చాయి. మీ పెద్దల్ని ఎవరు ఎన్నుకుంటారు? ఆస్తి ఎవరికి పోతుంది? పిల్లలు ఏ గణానికి చెందుతారు? పార్కర్ జవాబులు చెప్పాడు, తెలియనివి పెద్దల్ని అడిగి చెప్పాడు. మోర్గాన్ ఊరికే రాసుకుని వెళ్లిపోలేదు. 1846లో సెనెకాల భూమి కోసం అర్జీ పట్టుకుని వాషింగ్టన్ వెళ్లాడు. వాళ్లు కూడా అతన్ని తమ తెగలోకి దత్తు తీసుకున్నారు.

1851లో ఇరాక్వాయిల మీద మోర్గాన్ పుస్తకం వచ్చింది. ఒక ఆదివాసీ సమాజం తన సభలను, గణాలను, పండగలను, పొడుగాటి ఉమ్మడి ఇళ్లను ఎలా నడుపుకుంటుందో లోపలి మనుషుల్ని అడిగి రాసిన తొలి పుస్తకాల్లో అది ఒకటి. అంకితం పార్కర్‌కే. ఇది ఇద్దరి పరిశోధన ఫలమని అంకితంలోనే రాసుకున్నాడు. అయినా రచయితగా అచ్చయింది ఒక్కరి పేరే. పార్కర్ తర్వాత ఇంజనీరయ్యాడు, అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది సేనాని జనరల్ గ్రాంట్ దగ్గర కొలువు చేశాడు. 1865లో దక్షిణాది సేనాని లీ లొంగిపోయినప్పుడు ఆ షరతుల పత్రాన్ని సాఫుగా రాసిన చెయ్యి పార్కర్‌దే.

సెనెకాల దగ్గర మోర్గాన్‌ను అన్నిటికన్నా తికమకపెట్టినవి వాళ్ల వరుసలు. తండ్రి అన్నదమ్ములను కూడా వాళ్లు తండ్రి అనే అంటారు. తల్లి అక్కచెల్లెళ్లు తల్లులే. వాళ్ల పిల్లలంతా అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. తల్లి అన్నదమ్ములకు, తండ్రి అక్కచెల్లెళ్లకు మాత్రం వేరే పిలుపులున్నాయి. వాళ్ల పిల్లలు తోబుట్టువుల లెక్కలోకి రారు. అంకుల్, ఆంటీ, కజిన్ అనే మూడు మాటలతో చుట్టరికమంతా సరిపెట్టుకునే ఇంట్లో పెరిగిన మోర్గాన్‌కు ఇది చిక్కుముడిలా తోచింది. తెలుగు పాఠకుడికి ఇందులో చిక్కేమీ కనపడదు. మనకు పెదనాన్న, చిన్నాన్న నాన్నలే, పెద్దమ్మ, చిన్నమ్మ అమ్మలే, వాళ్ల పిల్లలు మన అన్నదమ్ములే. మేనమామ పిల్లలు, మేనత్త పిల్లలు బావలు, మరదళ్లు, వదినలు, బావమరుదులు. ఎక్కడో అట్లాంటిక్ అవతలి అడవుల్లోని జనం చుట్టాలను మన పద్ధతిలోనే విడదీసుకుంటున్నారు.

ఈ పద్ధతి ఇరాక్వాయిలకే సొంతమని మోర్గాన్ మొదట అనుకున్నాడు. 1858లో వ్యాపారం పని మీద సుపీరియర్ సరస్సు ఒడ్డుకు వెళ్లినప్పుడు అక్కడి ఒజిబ్వేలను అవే ప్రశ్నలు అడిగాడు. వాళ్ల భాషకు సెనెకా భాషతో ఏ చుట్టరికమూ లేదు. వరుసల అమరిక మాత్రం అదే. ఇక ఆయనకు నిద్ర పట్టలేదనే చెప్పాలి. రెండు వందలకు పైగా ప్రశ్నలతో ఒక ప్రశ్నావళి అచ్చు వేయించాడు. తండ్రి అన్నను ఏమంటారు, ఆ అన్న కొడుకును ఏమంటారు, ఆ కొడుకు కూతురిని ఏమంటారు అని ఒక్కో మెట్టూ దిగుతూ పోయే ప్రశ్నలు. స్మిత్సోనియన్ సంస్థ వాటిని దేశదేశాల్లోని అమెరికా రాయబారులకు, మిషనరీలకు పంపించింది. 1859 నుంచి 1862 దాకా నాలుగేళ్లూ మోర్గాన్ తనే కాన్సాస్, నెబ్రాస్కా ప్రాంతాలు, మిస్సౌరీ నదీతీరాలు తిరిగి తెగతెగనూ అడిగాడు. ఆ చివరి ప్రయాణంలో ఉండగానే ఇంటి దగ్గర ఇద్దరు కూతుళ్లూ స్కార్లెట్ జ్వరంతో చనిపోయారు. ఆ దుఃఖంలోనూ పుస్తకాన్ని వదిలిపెట్టలేదు.

దక్షిణ భారతంలో పనిచేసిన స్కడర్ అనే అమెరికా మిషనరీ 1859లో తమిళ వరుసలు నింపి ఇచ్చాడు. మోర్గాన్ వాటిని సెనెకా జాబితా పక్కన పెట్టి చూసుకున్నాడు. వరుస వెంబడి వరుస సరిపోతోంది. తమిళం తోడుగా తెలుగు, కన్నడ వరుసలు కూడా చేరాయి. రాతప్రతి 1865 నాటికే సిద్ధమైనా, స్మిత్సోనియన్ అధికారి జోసెఫ్ హెన్రీ దాన్ని తిరగరాయించి, చివరికి 1871లో అచ్చు వేయించాడు. దాదాపు ఆరు వందల పేజీల ఆ మహాగ్రంథంలో మన ముత్తాతల నాటి తెలుగు వరుసలు సెనెకా, డకోటా వరుసల సరసన పట్టికలుగా నిలిచాయి.

ఆ 1871 మానవశాస్త్రానికి పెద్ద ఏడాది. మనిషి పుట్టుక మీద డార్విన్ పుస్తకం ఆ ఏడాదే వచ్చింది. మోర్గాన్ అదే ఏడు ఇంగ్లండు వెళ్లి డార్విన్‌ను ఇంట్లో కలిశాడు కూడా. ఎడ్వర్డ్ టైలర్ రెండు సంపుటాల ‘ప్రిమిటివ్ కల్చర్’ కూడా అప్పుడే వెలువడింది. టైలర్‌కు యూనివర్సిటీ డిగ్రీ లేదు. క్వేకర్ కుటుంబంలో పుట్టి, ఆరోగ్యం బాగాలేక ప్రయాణాలు చేసి, మెక్సికో చూసి ఈ విద్యలో పడ్డాడు. సంగీతమో సాహిత్యమో మాత్రమే సంస్కృతి కాదని, పుట్టుకతో రాకుండా నలుగురిలో పెరిగి నేర్చుకున్న ప్రతిదీ సంస్కృతేనని ఆయన వాదించాడు. ఆ లెక్కన సంస్కృతి లేని మనుషులు ఎక్కడా ఉండరు. ఆక్స్‌ఫర్డ్‌లో మానవశాస్త్రానికి మొదటి ప్రొఫెసర్ ఆయనే అయ్యాడు.

ఇంత కష్టపడి పోగేసిన వరుసల నుంచి మోర్గాన్ తేల్చినది మాత్రం నిలవలేదు. తమిళ వరుసలూ సెనెకా వరుసలూ ఒకటే గనుక అమెరికా ఆదివాసీలు ఆసియా నుంచి వచ్చినవాళ్లేనని రుజువైందన్నాడు. వాళ్ల పూర్వీకులు ఆసియా నుంచే వెళ్లారన్నది నిజమే. కానీ దానికి రుజువులు వేరే శాస్త్రాల నుంచి వచ్చాయి, వరుసల నుంచి కాదు. ఇంకో అడుగు ముందుకు వేసి, తండ్రి తమ్ముణ్ని కూడా తండ్రి అంటున్నారంటే ఒకప్పుడు అన్నదమ్ములంతా ఉమ్మడిగా భార్యలను పంచుకునేవారని ఊహించాడు. చిన్నాన్న ఒళ్లో పెరిగిన ఏ తెలుగువాడూ ఈ ఊహను ఒప్పుకోడు. అసలు తండ్రి ఎవరో తెలియక ఎవరూ చిన్నాన్నను నాన్న అనరు.

1877లో వచ్చిన ‘ఏన్షెంట్ సొసైటీ’లో ఆయన మానవజాతికంతటికీ ఒక నిచ్చెన వేశాడు. అడుగున ఆటవిక దశ, దాని మీద అనాగరిక దశ, పైన నాగరికత. కింది రెంటిలో మళ్లీ మూడేసి మెట్లు. నిప్పు, విల్లు, కుండ, ఇనుము, లిపి ఒక్కో మెట్టుకు గుర్తులు. విల్లు దగ్గర మొదలయ్యే మెట్టు పాలినీషియన్లకు అందదని చెప్పి, వాళ్లలో భాగమైన హవాయీ ప్రజలను ఆటవిక దశలో కూర్చోబెట్టాడు. పుస్తకం వెలువడే నాటికి హవాయీకి రాజ్యాంగం ఉంది, సొంత భాషలో పత్రికలున్నాయి. మార్క్స్ ఈ పుస్తకం మీద నోట్సు రాసుకున్నాడు, ఎంగెల్స్ దాని ఆధారంగా 1884లో కుటుంబం, ఆస్తి, రాజ్యం పుట్టుక గురించి రాశాడు. ఆ పుస్తకం తెలుగులోకి కూడా వచ్చింది. వామపక్ష పాఠకుల్లో మోర్గాన్ పేరు తెలిసినవారికి అది తెలిసింది ఎక్కువగా ఈ దారిలోనే. వాళ్ల దగ్గరికి నిచ్చెన చేరింది, వరుసల పట్టిక చేరలేదు. అది లోటే.

వరుసల ముడి విప్పినవాళ్లలో డబ్ల్యు.హెచ్.ఆర్. రివర్స్ ముఖ్యుడు. ఇంగ్లీషు డాక్టరు. 1898లో ఆస్ట్రేలియాకు ఉత్తరాన ఉన్న టోరెస్ జలసంధి దీవులకు వెళ్లిన కేంబ్రిడ్జి బృందంలో ఒకడు. ఆయన పద్ధతి చాలా సులువు. తండ్రి, తల్లి, బిడ్డ, భర్త, భార్య అనే అయిదు మాటలు మాత్రమే వాడి ప్రతివాడి వంశవృక్షాన్నీ పేర్లతో రాసుకునేవాడు. తర్వాత ఆ వృక్షంలో ఒక్కొక్క పేరే చూపించి, ఈయన్ను నువ్వేమని పిలుస్తావు అని అడిగేవాడు. అంకుల్, కజిన్ లాంటి మాటలు మధ్యలో దూరి గందరగోళం చేయడానికి వీల్లేదు. 1901-02లో నీలగిరుల మీద తోడాల మధ్య ఉండి, ఆ చిన్న తెగలో దాదాపు అందరి వంశవృక్షాలూ సేకరించి 1906లో పుస్తకం వేశాడు. 1914 నాటికి దక్షిణాది వరుసల గుట్టు చెప్పేశాడు. మేనరికం ఆచారమైన చోట మేనమామే పిల్లనిచ్చిన మామ, మేనత్తే అత్తగారు. అందుకే మేనమామకూ మామగారికీ ఒకే మాట, మేనత్తకూ అత్తగారికీ ఒకే మాట. ఎన్నడో ఉన్న ఉమ్మడి పెళ్లిళ్లను ఊహించుకోనక్కర్లేదు, ఇవాళ్టి పెళ్లి నియమమే ఆ మాటలకు ఆధారం.

మరి సెనెకాలు? వాళ్లకు మేనరికం లేదు. అయినా వరుసలు ఎలా కలిశాయన్న ప్రశ్నకు 1964లో మానవశాస్త్రవేత్త ఫ్లాయిడ్ లాన్స్‌బరీ జవాబిచ్చాడు. దగ్గరి చుట్టాల దాకే పోలిక, కొంచెం దూరం జరిగితే రెండూ విడిపోతాయి. నాన్నకు మేనమామ కొడుకున్నాడనుకుందాం. తెలుగులో అతను నాన్నకు బావో బావమరిదో అవుతాడు గనుక మనకు మామ, అతని కూతురు మరదలో వదినో. ఇరాక్వాయి లెక్కలో అతను నాన్న వైపు నాన్న తరం మగవాడు గనుక నాన్న వరుసే, అతని కూతురు చెల్లెలో అక్కో. మన ఇళ్లలో పిల్ల వరుస కుదురుతుందా అని పెద్దవాళ్లు వేళ్ల మీద లెక్కకట్టే పద్ధతిలో ఎంత నిక్కచ్చి తర్కం ఉందో చెప్పడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం లేదు. మోర్గాన్ పట్టికల్లో ఈ తేడా కూడా ఉంది. ఆయన కళ్లెదుటే ఉన్నా ఆయన చూడలేదు. సమాచారాన్ని నిజాయితీగా అచ్చు వేశాడు గనుకనే తొంభై ఏళ్ల తర్వాత ఇంకొకరు చూడగలిగారు.

తెలుగు నేల మీద ఈ విద్య మొదట కొలతల టేపుతో వచ్చింది. బెంగాల్‌లో బ్రిటిష్ అధికారి హెర్బర్ట్ రిస్లీ ముక్కుల వెడల్పు కొలిచి కులాల హెచ్చుతగ్గులు తేల్చవచ్చన్నాడు. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ కూడా తలలూ ముక్కులూ కొలిచాడు. 1909లో కె. రంగాచారి సాయంతో దక్షిణాది కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు తెచ్చాడు. అందులోని ముక్కు కొలతలు ఇవాళ ఎందుకూ కొరగావు. న్యూయార్క్‌లో మానవశాస్త్రవేత్త ఫ్రాంజ్ బోయాస్ దాదాపు 18 వేల మంది వలసదారులను, వాళ్ల పిల్లలను కొలిచి, ఒక్క తరంలోనే తల ఆకారం మారిపోతోందని చూపించాక ఆ కొలతలతో జాతులు తేల్చే పని పునాదులే కదిలాయి. కానీ అదే థర్‌స్టన్ సంపుటాల్లో మేనరికం అన్న మాట తెలుగు మాటగానే కనిపిస్తుంది. పెళ్లి తంతులు, ఇంటిపేర్లు, పంచాయతీ తీర్పులు, గ్రామదేవతల జాతరలు కనిపిస్తాయి. కొలిచినవి పోయాయి, విన్నవి మిగిలాయి.

ఆ తర్వాత వచ్చినవాడు వియన్నాలో పుట్టిన మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. రెండో ప్రపంచయుద్ధం మొదలయ్యేసరికి శత్రుదేశం పాస్‌పోర్టుతో ఇక్కడ చిక్కుకుపోయాడు. నిజాం రాజ్యంలో ఉండటానికి అనుమతి దొరికింది. భార్య బెట్టీతో కలిసి నల్లమలలో చెంచుల మధ్య కాపురముండి 1943లో వాళ్ల మీద పుస్తకం తెచ్చాడు. 1945లో కొండరెడ్ల మీద, 1948లో ఆదిలాబాద్ రాజగోండుల మీద పుస్తకాలు వచ్చాయి. జోడెఘాట్‌లో 1940లో కొమురం భీం పోరాటం రక్తంలో ముగిశాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలని నిజాం సర్కారు అనుకుంది. ఆ పని హైమన్‌డార్ఫ్‌కు అప్పగించింది. భూమి పోవడమే కారణమని ఆయన చెప్పాడు. పట్టాల కోసం పట్టుబట్టాడు, మార్లవాయి గ్రామంలో గోండు టీచర్లకు శిక్షణ మొదలుపెట్టించాడు. ఆల్బనీలో భూమి కోసం వచ్చినవాళ్లతో మొదలైన చదువు ఆదిలాబాద్‌లో మళ్లీ భూమి దగ్గరికే చేరిందన్నమాట. 1987లో చనిపోయిన బెట్టీ సమాధి మార్లవాయిలోనే ఉంది.

పాత మానవశాస్త్ర పుస్తకాలను తిట్టి పక్కన పడేయడం తేలిక, ఎందుకంటే వాటి నిచ్చెనలు, కొలతలు మనుషులను అవమానించాయి. అయినా వాటిని చదవాలి. పార్కర్ లాంటి వాళ్లు, పేరైనా అచ్చుకాని వేలాది మంది చెప్పిన మాటలు అందులోనే ఉన్నాయి. మోర్గాన్, థర్‌స్టన్ పుస్తకాలకు కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. మోర్గాన్ పట్టికలో తెలుగు భాగం తెరిచి మీ ఇంటి పెద్దవాళ్ల పక్కన కూర్చోండి. తండ్రి తమ్ముణ్ని ఒక ఇంట్లో బాబాయి అంటారు, ఇంకో ఇంట్లో చిన్నాయన, మరోచోట కక్కయ్య, కాక. నాయనమ్మ ఒకచోట బామ్మ, ఒకచోట మామ్మ, ఒకచోట అవ్వ, ఒకచోట జేజి. ఇవన్నీ ఒక మిషనరీ పూరించిన పట్టికలో ఇమడవు. మీ ఊరి వరుసలు, మీ కులం వరుసలు, చెప్పిన వారి పేరుతో సహా, రాసి పెట్టండి.