‘బండెనక బండి కట్టి’ – ఒక పాట పుట్టుక, ప్రచారము, పాఠభేదము

కోదాడ నుండి హుజూర్‌నగరము మీదుగా మిర్యాలగూడకు పోవు బాటలో నేరేడుచర్ల యున్నది. దానికి ఉత్తరమున సూర్యాపేట, దక్షిణమున కృష్ణానది. 2016 అక్టోబరు వరకు నల్లగొండ జిల్లాలో నుండి, నేడు సూర్యాపేట జిల్లాకు చెందిన ఈ సీమ, 1946–51 నడుమ జరిగిన రైతాంగ సాయుధ పోరాటకాలమున పెక్కు పాటలకు పుట్టినిల్లయినది. వానిలో ‘బండెనక బండి కట్టి’ యనునది పొందినంత ప్రసిద్ధి మరియొకటి పొందలేదనుట యతిశయోక్తి కాదు. పల్లెలో పుట్టి, సభ కెక్కి, చలనచిత్రమున ప్రవేశించి, మరల సభలకు వచ్చిన పాట యిది. అణగియున్నవారికి తల యెత్తు ధైర్యము నిచ్చిన పాటయని దీనిని గూర్చి చెప్పుట వాడుక. ఆ ధైర్యము పాటలో నే భాగమున నున్నది? ప్రచారము పెరిగిన కొలది దాని స్వరూప మెట్లు మారినది? ఈ రెండు ప్రశ్నలను మే మిచ్చట విచారింపదలచితిమి.

పాటను విచారించుటకు ముందు, అది యే నేలపై నిలిచి పలికినదో తెలియవలెను. నిజాము రాజ్యమున నల్లగొండ జిల్లా దేశముఖుల సీమ. పుచ్చలపల్లి సుందరయ్యగారు 1972లో ప్రకటించిన పోరాట చరిత్రలో జన్నారెడ్డి ప్రతాపరెడ్డి కుటుంబమునకు లక్షయేబదివేల యెకరములు, విసునూరు దేశముఖునకు 40,000 యెకరములు భూమి యుండెనని లెక్క యిచ్చిరి. భూమి యొక్కటియే కాదు, మనుష్యుల శ్రమయు దొరదే. వెట్టి యనునది కులవృత్తు లన్నింటిని తాకిన యాచారము. చాకలి బట్ట లుతుకవలెను. కుమ్మరి కుండ లీయవలెను. మాదిగ చెప్పులు కుట్టి యీయవలెను. ఎడ్లు, బండి గల రైతు దొరకును, సర్కారు నౌకరులకును బండి తోలవలెను. దేనికిని కూలి లేదు. ఇందులో బండివెట్టి మన పాటకు మిక్కిలి సంబంధించినది.

ఈ వ్యవస్థకు తగిన భాషయు నొకటి యుండెను. ‘నీ బాంచెన్ కాల్మొక్కుత’ అనుట దొర యెదుట నిలిచినవాని తొలిమాట. ‘దొరా’ యనుటయే తప్ప పేరుపెట్టి పిలుచుట యెఱుగరు. 1930లో జోగిపేటలో ప్రథమసమావేశము జరుపుకొన్న ఆంధ్రమహాసభ, 1944 నాటి భువనగిరి సభానంతరము కమ్యూనిస్టుల నాయకత్వమున పల్లెలకు వ్యాపించి ‘సంఘ’ మైనప్పుడు, ప్రజలకు నేర్పవలసిన వానిలో మొదటిది ఈ పలుకుబడిని మానుటయే. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరగిన పిదప పోరాటము దావానలమువలె వ్యాపించినది. కోదాడ ప్రక్కనున్న మునగాల పరగణా నాడు మద్రాసు రాష్ట్రమున కృష్ణాజిల్లాకు చెందినది. చుట్టును నిజాము రాజ్యము. నిజాము అధికారము చెల్లని యా పరగణాలో జమీందారునకు ఎదురుగా అంతకు ముందే, 1930వ దశకమున, రైతులు పోరాడియుండిరి. సరిహద్దు దాటి యిటు నటు కార్యకర్తలు వచ్చిపోవుచున్నప్పుడు వారితోపాటు పాటలును పయనించినవని యూహించుట యసంగతము కాదు.

ఆ పోరాటమున పాల్గొన్న బండి యాదగిరి యీ పాట కర్తయని ప్రసిద్ధి. పేరుపొందిన కవి కాడు, సంఘములోని మనిషి. అట్టివాడు కట్టిన పాటకు అచ్చుప్రతి ప్రమాణము కాజాలదు; వినినవాని నోరే ప్రతి. పాట నిర్మాణముకూడ అందుకు తగినట్లే యున్నది. ఒకరు చరణ మెత్తగా తక్కినవారు వంత యందుకొనుటకు వీలైన పొట్టి పాదములు. ఒక పదమునే వెంటవెంట ఆవర్తింపజేయు నడక. చదువు రానివాడును ఒక్కమారు వినినంతనే పట్టుకొనగల లయ. మొదటి పాదమున ‘బండి’ యను మాట రెండుమారులు వచ్చుటలో బండివరుస కంటికి కట్టును. చెవికి వినబడునదియు కంటికి కనబడునదియు నొక్కటియే యగుట జానపదుని శిల్పరహస్యము.

ఇక భావము. పదునారు బండ్లు కట్టుకొని యే బండిలో వచ్చెదవని గాయకుడు దొర నడుగుచున్నాడు. బండ్ల బారు దొర వైభవమునకు గుర్తు. కాని యా బండ్లెవరివి? బండివెట్టి నెఱిగిన శ్రోతకు సమాధానము తెలియును: అవి తమవే, ఎడ్లును తమవే. కనుక లెక్కించుచున్న కొలది వైభవము పెరుగుటకు బదులు అపరాధము పెరుగుచున్నది. పొగడ్తవలె మొదలై నేరారోపణముగా పరిణమించు నీ మలుపును పాట యెచ్చటను విప్పి చెప్పదు. చెప్పనక్కఱ లేదు, వినువాడే బండి తోలినవాడు.

ఈ పాట బలము ముఖ్యముగా సంబోధనలో నున్నదని మా యభిప్రాయము. ‘మీరు’ లేదు, ‘దొర’ లేదు. నువ్వు, కొడుకా యను పిలుపు. ‘కొడుకా’ యను మాటకు తెలంగాణమున రెండంచులున్నవి. తల్లి నోట నది లాలన; కోపము వచ్చినవాని నోట తిట్టు. తన కాళ్లకు మ్రొక్కవలసిన వాడు తనను కొడుకా యని పిలుచుట దొరకు దెబ్బకంటె నెక్కువ. సభ్యత లేదని దీనిని కొందఱు తక్కువగా జూడవచ్చును. కాని సభ్యత యను పేర నాడు చెల్లినది బాంచెతనపు భాషయే యని మరువరాదు. ఏకవచన ప్రయోగము వ్యాకరణమున స్వల్పవిషయము. ఆ సమాజమున నది మహాసాహసము. గుంపుగా పాడుటచే నా సాహసము అందఱకు పంచబడినది. ఒంటరిగా దొర గడీ యెదుట అనలేని మాటను నూరుమందితో కలిసి యెవడైనను అనగలడు; అని యింటికి పోయినవాడు మరునాడు మునుపటివలె వంగడు. పాట మనుష్యుని మార్చు విధ మిదియే.

పాటలోని స్థలనామములుకూడ గమనింపదగినవి. సూర్యాపేట, నల్లగొండ, హైదరాబాదు, గోలకొండ – ఈ వరుస ప్రజలు దొరను తరుముకొనిపోవు బాటవలె నున్నది. సూర్యాపేటకు ‘చుట్టుముట్టు’ నున్న పల్లెలన్నియు, నేరేడుచర్లతోసహా, పేరు చెప్పకయే యందిమిడినవి. బాట గోలకొండ క్రింద గోరీతో ముగియును. గోలకొండ చెంత నున్నవి కుతుబ్‌షాహీల సమాధులు. ఆసఫ్‌జాహీ ప్రభువులలో పెక్కుర సమాధులు మక్కామసీదు ఆవరణమున నున్నవి. జానపదకవి యీ భేదము పాటింపలేదు. గతించిన రాజ్యము ప్రక్కనే యున్న రాజ్యమునకును చోటు చూపుట యాతని యూహ. చరిత్ర వేరుగా నడచినది: 1948 సెప్టెంబరు పోలీసుచర్య తరువాత మీర్ ఉస్మాన్ అలీఖాను 1950 నుండి 1956 వరకు రాజప్రముఖుడై, 1967 ఫిబ్రవరి 24న మరణించి, కింగుకోఠి సమీపమున జూదీ మసీదులో ఖననము చేయబడెను. పాట శాపము ఫలించినది వ్యక్తిపట్ల గాదు, అధికారముపట్ల.

ఇప్పుడు పాఠభేదమునకు వత్తము. సంబోధింపబడిన వాడెవడు? ఇందు రెండు పాఠములు వినవచ్చుచున్నవి. ఒకదానిలో జన్నారెడ్డి ప్రతాపరెడ్డి పేరు. మరియొకదానిలో నిజాము సర్కారు. పేరు నిలుచు చోటు పాటలో ఖాళీగా నుంచినట్లున్నది. ఏ యూరివారు ఆ యూరి దొరను అందు నిలుపవచ్చును. బ్రదికియున్న పాట లక్షణ మిది. రెండవ పాఠమున సర్కారునకు మనుష్యునకు చేర్చు ‘ఓడు’ ప్రత్యయమును చేర్చుటచే, కంటికి కనబడని ప్రభుత్వము కొట్లాడదగిన యొక మనిషిగా మారినది. అదియు గొప్ప యూహయే.

1980 మార్చిలో విడుదలైన ‘మా భూమి’ చిత్రము ఈ రెండవ పాఠమునకు శాశ్వతత్వ మిచ్చినది. కిషన్‌చందర్ ఉర్దూ రచన ‘జబ్ ఖేత్ జాగే’ దానికి ఆధారము, గౌతమ్ ఘోష్ దర్శకుడు, బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మాతలు. గద్దర్ తెరపై కనిపించి పాడిన యీ పాట, చిత్రము చూడనివారికిని చేరినది. 2023 ఆగస్టు 6న మరణించువరకు గద్దర్ పేరును, ఈ పాటయు జంటగానే స్మరింపబడుచుండెను, నేటికిని అంతియే. పలువు రీ పాట నాతనిదే యని తలచుటయు కలదు. గాయకుని కీర్తి కర్తను కప్పుట మౌఖిక వాఙ్మయమున కొత్త కాదు. కాని పరిశోధకుడు యాదగిరి పేరును విడువరాదు.

2002లో కామారెడ్డిలో మొదలైన ‘ధూంధాం’ సభల నాటినుండి 2014 జూన్ 2న రాష్ట్ర మేర్పడువరకు ప్రత్యేక తెలంగాణోద్యమమున పాటయే ప్రధానాయుధ మయ్యెను. పోరాటకాలపు పాటలకు మరల యౌవనము వచ్చినది. ఆనాడు భూమికై పాడినది, ఈనాడు ప్రాంతముయొక్క ఆత్మగౌరవమునకై పాడబడెను. ఈ యర్థవిస్తృతి సహజమే. అయినను, విస్తృతితో నొక నష్టము వచ్చినది. ఊరి దొర పేరు తొలగి రాజు పేరే మిగులుటచే, వినువారికి పోరాటము రాజుపై మాత్రమే జరిగినదను భ్రమ కలుగుచున్నది. అటనుండి దానిని ఒక మతమువారిపై మరియొక మతమువారి పోరాటముగా జెప్పుట కొక్క యడుగే. కాని పాటయొక్క మొదటి పాఠ మందుకు సాక్ష్య మీయదు. అందు పిలువబడినవాడు రెడ్డిదొర. విసునూరు దేశముఖు నెదిరించి ప్రాణ మిచ్చిన షేక్ బందగీ ముస్లిము రైతు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావుల ‘మా భూమి’ నాటకమునకు నాయకు డాతడే. పాఠభేదమును విడిచిన చరిత్ర సగము చరిత్రయే యగును.

కనుక తరగతిలో నీ పాటను చెప్పు ఉపాధ్యాయుడు చిత్రములోని పాఠముతో నాగరాదు. బిరుదురాజు రామరాజుగారి ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ 1958లో వెలువడినప్పటినుండి మన విశ్వవిద్యాలయములలో పాటల సేకరణము శాస్త్రమైనది. పోరాటపు పాటలను జయధీర్ తిరుమలరావుగారు మొదలగువారు సేకరించిరి. ఆ కృషిని మండలములవారిగా కొనసాగింపవలసి యున్నది. నేరేడుచర్ల, హుజూర్‌నగరము, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములలో ప్రతి పాఠమునకు పాడినవారి యూరు, ఆ పాట వారికి వచ్చిన మార్గము, అందు పిలువబడిన దొర పేరు – ఈ మూడును వ్రాసికొనుట ముఖ్యము. ఆ పేర్లను పటమునందు గుర్తించినచో, ఏ యూర నెవరి గడీ యెదుట జనులు నిలిచిరో పాటయే చూపగలదు.

జాగు చేయుటకు వ్యవధి లేదు. 1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలిన పిదప ఎడమకాలువ క్రింద నీ సీమ వరిమాగాణి యైనది. మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు ధాన్యము మోయునవి ట్రాక్టర్లు, లారీలు. ఎడ్లబండి వరుస చూడని బాలురు నేడు ఆ పాట పాడుచున్నారు. వారికి రాగము వచ్చును. బండి యెవరిదో, తోలినవా డెవడో, కూలి యెందుకు రాలేదో చెప్పగలిగిన ముదుసలులు మాత్రము నానాటికి తగ్గిపోవుచున్నారు.