యాప్ రెడీ... సంతకమే లేటు!

బీటెక్ అయ్యాక నా మొదటి ఉద్యోగం హైదరాబాద్‌లో ఓ చిన్న డ్రోన్ స్టార్టప్‌లో. మొత్తం తొమ్మిది మందిమి. ఓసారి రక్షణ రంగంలోని ఒక సంస్థ టెండరు పిలిచింది. చూసి ఎగిరి గంతేశాం. వాళ్లు అడిగినలాంటి డ్రోన్ మా టేబుల్ మీదే ఉంది మరి! ఫారం నింపుతూ ఒక గడి దగ్గర ఆగిపోయాం: గత మూడేళ్ల టర్నోవర్ ఎంత? మా కంపెనీ వయసే పద్నాలుగు నెలలు!

ఆ టెండరు మాకు రాలేదు. ఆర్నెల్లకు జీతాలూ ఆగిపోయాయి. వస్తువు రెడీగా ఉన్నా సైన్యం దాకా ఎందుకు చేరదు? ఆ ప్రశ్న పట్టుకుని చదవడం మొదలెడితే, ఎక్కడో ఖతార్‌లో జరిగిన కథ ఒకటి దొరికింది.

వైట్‌బోర్డు మీద యుద్ధం

2016లో గూగుల్ మాజీ సీఈవో ఎరిక్ ష్మిట్, అమెరికా రక్షణ శాఖ సలహా మండలి అధ్యక్షుడి హోదాలో ఖతార్‌లోని అల్ ఉదెయిద్ స్థావరానికి వెళ్లారు. యుద్ధ విమానాలకు గాల్లోనే ఇంధనం నింపే ట్యాంకర్లు ఏ టైముకి ఎక్కడుండాలో అప్పట్లో అక్కడే ప్లాన్ చేసేవారు. దేనిమీదో తెలుసా? వైట్‌బోర్డు మీద... మార్కర్లు, మ్యాగ్నెట్లతో! పొరపాటున ఎవరైనా తుడిచేస్తే అంతే సంగతులు.

అలాంటి కేంద్రాల కంప్యూటర్లను ఆధునికీకరించే పెద్ద ప్రాజెక్టు ఒకటి అప్పటికే ఏళ్ల తరబడి నడుస్తోంది. ఖర్చు దాదాపు రెట్టింపైంది. చివరికి 2017లో దాన్ని రద్దు చేశారు.

ఈలోగా సిలికాన్ వ్యాలీలో 2015లో మొదలైన ‘డీఐయూఎక్స్’ అనే చిన్న రక్షణ విభాగం రంగంలోకి దిగింది. పివోటల్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్లనీ, ఎయిర్‌ఫోర్స్ కోడర్లనీ పక్కపక్కన కూర్చోబెట్టింది. దాదాపు నాలుగు నెలల్లో యాప్ వాడకంలోకి వచ్చింది. ప్లాన్ పక్కాగా ఉండటంతో ట్యాంకర్లు ఎగరాల్సిన ట్రిప్పులు తగ్గాయి. రోజుకు సుమారు రెండు లక్షల డాలర్లు మిగిలాయని అప్పట్లో లెక్కగట్టారు.

కిటుకు ఒప్పందంలోనే

కోడింగ్ ఎప్పుడూ ఫాస్టే. ఇక్కడ మారింది కాంట్రాక్టు. దాని పేరు ‘అదర్ ట్రాన్సాక్షన్ అథారిటీ’, షార్ట్‌గా ఓటీఏ. 1957లో సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను ఎగరేశాక, 1958లో నాసా కోసం తెచ్చిన చట్టంలో ఇది పుట్టింది. తర్వాత రక్షణ శాఖకూ ఈ వెసులుబాటు ఇచ్చారు. మామూలు కొనుగోలు రూల్స్‌లో చాలావరకు దీనికి వర్తించవు.

స్క్రూ సైజుతో సహా రాసిన లావుపాటి టెండరు పుస్తకం ఉండదు. ‘మా సమస్య ఇదీ’ అని కొద్ది లైన్లలో చెబుతారు. కంపెనీలు కొన్ని స్లైడ్లు పంపితే చాలు. నచ్చితే పిలిచి మాట్లాడతారు. రెండు మూడు నెలల్లో ఒప్పందం కుదర్చాలన్నది టార్గెట్. నమూనా సక్సెస్ అయితే, షరతులకు లోబడి, మళ్లీ పోటీ పెట్టకుండానే పెద్ద ఆర్డరు ఇవ్వొచ్చు.

తొందరలో తడబాటు

అలాగని రూల్స్ అన్నీ చెత్త అనుకోవద్దు. 2018లో ఇదే దారిలో రీన్ క్లౌడ్ అనే కంపెనీకి 95 కోట్ల డాలర్ల దాకా వెళ్లగల ఒప్పందం ఇచ్చారు. విమర్శలు రావడంతో దాన్ని 6.5 కోట్లకు కుదించారు. ఒరాకిల్ ఫిర్యాదు చేసింది. నమూనా ఒప్పందంలో తర్వాతి పెద్ద ఆర్డరు మాటే రాయలేదని ఆడిట్ సంస్థ జీఏవో తప్పుపట్టింది. ప్రజల డబ్బు కదా... అడిగేవాళ్లు ఉండాల్సిందే.

మరి మన దగ్గర?

2018 ఏప్రిల్‌లో మన దేశంలో ‘ఐడెక్స్’ మొదలైంది. సైన్యం తన సమస్య చెబుతుంది, స్టార్టప్‌లు పరిష్కారం చూపుతాయి. గెలిస్తే మామూలు కేటగిరీలో కోటిన్నర దాకా, ఐడెక్స్ ప్రైమ్‌లో 10 కోట్ల దాకా, 2024లో వచ్చిన అదితి పథకంలో 25 కోట్ల దాకా గ్రాంట్ అందుతుంది. దీనికి సాయపడే ఇంక్యుబేటర్లలో హైదరాబాద్ టీ-హబ్ కూడా ఉంది. అలా తయారైనవి కొనడానికి డీఏపీ-2020లో దారీ కల్పించారు.

కానీ గ్రాంట్ వేరు, ఆర్డరు వేరు. నమూనా భేష్ అన్నాక అసలు ఆర్డరు వచ్చేదాకా కంపెనీ అద్దె కట్టాలి, జీతాలివ్వాలి. చిన్న కంపెనీలు ఎక్కువగా చేతులెత్తేసేది ఆ మధ్యకాలంలోనే. అప్పుడు నష్టపోయేది ఆ కంపెనీ ఒక్కటే కాదు, సరిహద్దులో ఆ వస్తువు కోసం చూస్తున్న జవాను కూడా.

అందుకే, డిఫెన్స్ స్టార్టప్ పెడతామని తమ్ముళ్లెవరైనా సలహా అడిగితే నేను ఒకటే చెబుతున్నా. గ్రాంట్ ఎంతో చూసి ఆగిపోకండి. నమూనా పాసైతే ఎన్ని కొంటారు, ఎప్పట్లోగా కొంటారు? అది కాగితం మీద ఉందో లేదో చూడండి. మేం టర్నోవర్ గడి దగ్గర ఆగిపోయాం. మీరు ఆ గడి దాటాక ఆగిపోకూడదు.